గోడ అవతలి జాలి

లోకంలో జాలి అడుగంటిపోయిందని గుండెలు బాదుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడ అడుగంటిందండీ? మా ప్రునేత్ ఊరికి రండి, చూపిస్తాను. ఇక్కడ పంది కొవ్వుకైనా కరువొస్తుందేమో గానీ జాలికి రాదు. ఇంటింటా తొట్లకి తొట్లు నిండి, వీధిలోకి పొర్లుతోంది!

నా వాదన ముందే చెప్పేస్తాను. మాంసం తినేవాడికి జాలిని మించిన వరం లేదు. ప్లమ్ సారా ఓ గుక్క వేస్తే ఆకలి పుడుతుందంటారు మావాళ్ళు. ఉత్త మాట. ఓ పూట మనసారా జాలిపడి చూడండి, కడుపులో ఎలుకలు అవే పరిగెడతాయి.

మా తాతలకి ఈ సుఖం తెలీదు. వాళ్ళు మొరటువాళ్ళు. పందిని మేపేవాళ్ళు, క్రిస్మస్‌కి ముందొచ్చే ఇగ్నాత్ పండగనాడు కోసేవాళ్ళు, దాని నుదుటి మీద ఉప్పుతో శిలువ గుర్తు వేసి "దేవుడు క్షమించుగాక" అనుకుని తినేవాళ్ళు. అంతే! ఓ ఏడుపు లేదు, ఓ ఫొటో లేదు, పందికో ముద్దుపేరు లేదు. ఎవరు చంపారని అడిగితే "నేనే" అని చెప్పేవాళ్ళు. సిగ్గన్నది ఉండాలి కదా మనిషికి!

మనం అలా కాదు. మనం సున్నితులం.

మా బడి పంతులమ్మనే తీసుకోండి. ఎముకున్న కోడి ముక్క ముట్టదావిడ. ఎముక చూస్తే కోడి గుర్తొస్తుందట. మరి ఎముక తీసేస్తేనో అని అడిగాను. "ఏమీ గుర్తురాదండీ, హాయిగా దిగిపోతుంది" అంది. పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన ఉన్నాడు. తల్లికి దూరమైన లేగదూడ వీడియో చూసి హోటల్లో వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎదురుగా ఉన్న పళ్ళెంలో ఏముందో నేను చెప్పను, మీరే ఊహించుకోండి. వేడిగా ఉందని ఊదుకుంటూ ఏడ్చాడు పాపం.

పట్నంలో మాంసం కొట్టు బోర్డు చూశారా? వంటవాడి టోపీ పెట్టుకుని, చేత గరిటె పట్టుకుని పంది నవ్వుతూ ఉంటుంది! అంటే దానికీ సమ్మతమేనన్నమాట. ఇక మధ్యలో మనకెందుకు బాధ?

వీళ్ళంతా ఒకటో తరగతి. జాలిలో పట్టా పుచ్చుకున్నవాళ్ళని చూడాలంటే మా వీధి చివర లివియు ఇంటికి వెళ్ళాలి.

లివియుకి ట్రాక్టరు సామాన్ల కొట్టుంది. ఇంట్లో తల్లి పరస్కీవా, భార్య ఒతీలియా, కూతురు స్మరాందా. పందిపిల్లని సంతలో ఏరి తెచ్చిందీ, మేత వేసిందీ, తొట్టి కడిగిందీ, చలికి గడ్డి పరిచిందీ అంతా ముసలావిడే. ఆవిడ దాన్ని "ఒరేయ్" అనేది. తిండి తక్కువైనప్పుడు అదీ ఆవిణ్ణి దాదాపు అలాగే పిలిచేది.

పేరు పెట్టింది కోడలు. బొంబోన్! అంటే చాక్లెట్టు బిళ్ళ. పేరు పెట్టి ఊరుకుందా? దానికో ఎర్ర ఊలు టోపీ అల్లింది, పక్కన గొంతుక్కూర్చుని ఫొటో దిగింది, "మా ఇంటి బంగారుకొండ" అని ఫోన్లో ఊరందరికీ చూపించింది. ఊరంతా లైకులు కొట్టారు. ఎవడో వెధవ కింద "ఎన్ని కిలోలు తూగుతుంది?" అని రాశాడు. ఒతీలియాకి మనసు చివుక్కుమంది. వెంటనే ఆ కామెంటు తీసేసింది. తీసేసి, అత్తగారి వైపు తిరిగింది.

"అవునూ, ఎన్ని కిలోలు తూగుతుందంటారత్తయ్యా?"

ఇంత మంచి ఇంట్లో ఒకే ఒక్క నలుసు, స్మరాందా. మందుల కొట్లో పనిచేస్తుంది, ఇరవై దాటిన పిల్ల. మాంసం తినడం మానేసింది. మానేసి తన మానాన తాను బీన్సు తింటే గొడవే లేకపోను. కానీ ఆ పిల్ల పళ్ళెంలో మాంసం లేకపోవడం పక్కవాళ్ళ పళ్ళెంలో మాంసాన్ని ఎత్తి చూపిస్తోందే! భరించడం తేలికా చెప్పండి?

అందుకని ఆదివారం భోజనాల దగ్గర ఆమెకి విచారణ జరిగేది. న్యాయమూర్తి ఒతీలియా తమ్ముడు సెవేర్. పట్నంలో కండలు పెంచి, ఆదివారం ఆదివారం అక్కింట్లో తేలతాడు.

"ఏమే కోడలా, నీ బూట్లు తోలువి కావూ?"

"అవి మాంసం మానకముందు కొన్నవి మావయ్యా."

"చీజ్ తింటావుగా. ఆవునడిగి తెచ్చారా?"

"అడగలేదు."

"ఇందాక దోమని కొట్టావు. నేను చూశాను! బావా, చూశావా? దోమకి ప్రాణం లేదా?"

బల్ల చుట్టూ విరగబడి నవ్వారు. నవ్వరూ మరి? న్యాయం ఎంత తేటగా ఉందో చూడండి. రోజూ మాంసం తినేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, అతను ఏ వ్రతమూ పట్టలేదు గనక. మానేసినవాళ్ళు మాత్రం ఒక్క దోమని కొట్టారా, కొంప మునిగిందే! నియమం లేనివాడికి తప్పే లేదు. ఇంత చవకలో పుణ్యం దొరుకుతుంటే ఇంకా నియమాలు పెట్టుకునేవాళ్ళని ఏమనాలి?

ఇగ్నాత్ ముందురోజు రాత్రి భోజనాల దగ్గర స్మరాందా తండ్రిని అడిగింది. "నాన్నా, బొంబోన్ని ఉంచేద్దాం."

లివియు గరిటె ఆపాడు. "ఉంచేసి?"

"ఏముంది, బతుకుతుంది."

"అది బతికితే మనమేం తిని బతకాలే?"

"దాని ఊసెత్తకండి, నా గుండె తరుక్కుపోతోంది" అంటూ ఒతీలియా కళ్ళొత్తుకుంది. "రేపటి సంగతి తలుచుకుంటే ముద్ద దిగట్లేదు నాకు." ఆ దిగని ముద్ద మీదికి ఇంకో గరిటెడు బీన్సు వేసుకుంది. క్రిస్మస్ దాకా ఉపవాసం కదా, ఆ ఇంట్లో మాంసం వండరు.

స్మరాందా వాదించలేదు. ఆ ఇంట్లో వాదిస్తే ఏమొస్తుందో ఆమెకి తెలుసు. ఒకే ఒక్క సంగతి ఆమెని పీడిస్తోంది. కిందటేడు ఇగ్నాత్‌కి ఎదురింటి వాకిట్లో పట్టేవాళ్ళు చాలక, కత్తి సగం దిగిన పంది తప్పించుకుంది. వీధంట వంతెన దాకా పరిగెత్తింది. మంచు మీద పొడుగునా ఎర్రటి చార. మందుల కొట్టు తలుపు తీస్తున్న స్మరాందా కాళ్ళ ముందునించే పోయింది. ఆ అరుపు ఆమె చెవుల్లోంచి నేటికీ పోలేదు. మాంసం మానేసింది ఆ రోజే.

"అయితే ఒక్క మాటివ్వండి" అంది. "పట్టేవాళ్ళు సరిపడా ఉండాలి. ఆ ఎదురింటిదానిలా కాకూడదు. తేలిగ్గా పోవాలి."

"దానికేముందమ్మా!" లివియు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మీ నాన్న మాట."

పంది పనికని ముందురోజే దిగిన సెవేర్ చొక్కా చేతులు పైకి మడిచి కండలు చూపించాడు. "నేనుండగా నీకెందుకే బెంగ? వెనక్కాళ్ళు రెండూ నావి. ఒంటిచేత్తో అదిమిపెట్టేస్తా!"

ఆ మాట పట్టుకుని ఆ పిల్ల ఆ రాత్రి నిద్రపోయింది.

ఇప్పుడు మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. పందిని కోసేటప్పుడు వాకిట్లో జాలిపడేవాళ్ళు ఉండకూడదు. ఉంటే దాని ప్రాణం సులువుగా పోదు, కొట్టుకుంటుంది అంటారు. అందుకని కత్తి పట్టినవాడు ముందే కేకేస్తాడు, జాలిగలవాళ్ళంతా బయటికి పొమ్మని. పూర్వం పసిపిల్లలూ కడుపుతో ఉన్నవాళ్ళూ వెళ్ళేవాళ్ళు. మీసమొచ్చిన మగాడు వెళ్ళాడంటే ఈస్టరు దాకా ఊరంతా అతణ్ణి ఏడిపించేది. పెద్దలు ఈ ఆచారం ఎందుకు పెట్టారో నాకు తెలీదు గానీ, దీని అసలైన ఉపయోగం కనిపెట్టిన ఘనత మాత్రం మన తరానిదే!

తెల్లారింది. కత్తి పట్టే ఇలారియే వచ్చాడు, సాయానికి బావమరిది నిస్తోర్‌ని తెచ్చాడు. ముందుకాళ్ళూ మెడా నిస్తోర్‌వి. వెనక్కాళ్ళకి తాడు కట్టి లివియు, సెవేర్ లాగి పట్టాలి. స్మరాందా చూడదలుచుకోలేదు. సంచీ భుజాన వేసుకుని మందుల కొట్టుకి బయల్దేరింది. గేటు దాకా వచ్చిందో లేదో, వెనక ఇలారియే కేక వినిపించింది.

"జాలిగలవాళ్ళు బయటికి నడవండర్రా!"

ఆమె గేటు గడియ తీసింది. తీయడమే ఆలస్యం, పక్కనించి ఆమెని తోసుకుంటూ ఒకరు బయటికి దూకారు. చూస్తే సెవేర్!

"నావల్ల కాదే కోడలా! దాని కళ్ళు చూశావా? అచ్చం మనిషి కళ్ళలా ఉన్నాయి!"

అతని వెనకే లివియు, ఒక చేత్తో గుండె పట్టుకుని. రెండో చేత్తో సారా సీసా పట్టుకుని. వాళ్ళ వెనక ఒతీలియా, ఫోను ఎత్తిపట్టుకుని, అందరికీ వీడ్కోలు వీడియో తీస్తూ. "వెళ్ళిపోతున్నాడండీ మా బొంబోన్... నేను చూడలేను... నేను చూడలేను..." అంటూ చూడకుండానే గేటు దాటి గోడ పక్కకి తిరిగింది.

ఇంత జాలి ఒక్క గేటులోంచి ఒకేసారి బయటికి రావడం నేనెన్నడూ ఎరగను. గేటు ఊడిరానందుకు సంతోషించాలి.

స్మరాందా గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాకిట్లో ఇలారియే కత్తి పట్టుకుని ఉన్నాడు, నిస్తోర్ పంది మెడ మీద పడుకున్నట్టు వాలి ఉన్నాడు. వెనక తాడు పట్టుకుని పరస్కీవా ఒక్కతే. ముసలావిడ కాళ్ళు మంచు మీద జారుతున్నాయి. పంది తన్నుకుంటోంది.

"ఆగు ఇలారియే, ఆగరా!" అంటోంది ముసలావిడ. "నా చేతులు పట్టట్లేదు!"

మందుల కొట్టు వైపు రోడ్డు తెరిచే ఉంది. ఇంకో రెండడుగులు వేస్తే తనకేమీ తెలీదు, తనకేమీ సంబంధం లేదు, తన చేతులకి ఏమీ అంటదు. నియమానికి నియమం నిలుస్తుంది. వంతెన దాకా ఉన్న ఆ ఎర్రటి చార ఆమె కళ్ళ ముందు మెదిలింది. సంచీ గేటుకి తగిలించి వెనక్కి వెళ్ళింది.

"తాడిలా ఇవ్వు నానమ్మా. నువ్వు నా వెనక పట్టుకో."

ఇలారియే ఎగాదిగా చూశాడు. "నువ్వా? నీకు జాలి లేదా పిల్లా?"

"ఉంది బాబాయ్."

"అయితే బయటికి పో తల్లీ. ఉంటే దాని చావు కష్టమవుతుంది."

"నేను పోతే కష్టమవదా? ఎవరు పడతారు తాడు? అదిగో, మా నాన్న గోడవతలున్నాడు. పిలువు, వస్తాడేమో చూద్దాం."

ఇలారియే గోడ వైపు తిరిగి కేకేశాడు. "ఓ లివియూ! రారా, ఒక్క నిమిషం పట్టిపోదువు గాని!"

గోడ అవతలినించి బొంగురు గొంతు పలికింది. "నావల్ల కాదురా ఇలారియే! చిన్నప్పట్నించీ నేను సున్నితం! మా అమ్మనడుగు కావాలంటే!"

"ఎప్పుడున్నావురా సున్నితం?" అని ముసలావిడ అరిచింది గానీ, అవతల అప్పటికే గ్లాసుల చప్పుడు మొదలైంది.

స్మరాందా తాడు ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుంది. మడమలు మంచులో గుచ్చి వెనక్కి వాలింది. వెనకనించి నానమ్మ ఆమె నడుం పట్టుకుని లాగింది. పంది తన్నులు ఆగాయి. కళ్ళు మూసుకుందామనుకుంది, మూసుకుంటే తాడు జారుతుందేమోనని మూసుకోలేదు. అంతా చూసింది.

ఒకే ఒక్క అరుపు. తర్వాత తాడు వదులైంది.

ఆ పిల్ల మంచు మీద కూలబడి భోరున ఏడ్చింది. ముంజేతి మీద తాడు ఒరుసుకుని తోలు లేచిపోయింది. ఒక చాటు వెతుక్కోలేదు, ఫోను తీయలేదు. ఏడుస్తుంటే పరస్కీవా తలగుడ్డ కొంగుతో ఆమె ముక్కు తుడిచింది.

ఇలారియే కత్తి గడ్డికి తుడుస్తూ తల గోక్కున్నాడు. "అత్తా, ఇంత తేలిగ్గా పోయిన పందిని నేను చూళ్ళేదు. జాలున్న మనిషి దాని కాళ్ళే పట్టుకునుంది. మరి ఆచారం అబద్ధమంటావా?"

"నాకేం తెలుసురా" అంది పరస్కీవా. "ముందు శిలువ గుర్తు వెయ్యనీ." ఉప్పు తీసుకుని పంది నుదుటి మీద గీసింది. దేవుడు క్షమించుగాక అంది. మొరటు మనిషి!

అవతల జాలి మాత్రం క్షణం తెరిపి లేకుండా సాగుతూనే ఉంది. గోడ మీదినించి ఒతీలియా గొంతు వణుకుతూ వచ్చింది. "అయిపోయిందా? బాధపడ్డాడా పాపం? ఇలారియే గారూ, తోలు మరీ మాడనివ్వకండి, గట్టిపడిపోతుంది!"

"మెడ దగ్గరి ముక్క నాది!" సెవేర్ గొంతు. "అక్కా, ఇప్పుడే చెప్తున్నా, తర్వాత పేచీలొద్దు."

"ఒరేయ్, కాస్త మనసుండాలిరా" అన్నాడు లివియు. "ప్రాణం పోయి ఇంకా చల్లారలేదు. మెడ నాది."

గడ్డి మంట వేసి పందిని కాల్చారు, కడిగారు, కోశారు. ఇనప మూకుడు పొయ్యెక్కింది. ఇక్కడ మా వాళ్ళ మరో మంచితనం చెప్పాలి. ఆ మొదటి వంటని పందిపేర దానం అంటారు. చచ్చిన మనిషికి దినం పెట్టినట్టు, పంది ఆత్మశాంతికని అందరికీ పెట్టే భోజనం. పంది మాంసంతోనే పందికి దానం! ఉపవాసం మాటేమిటంటారా? ఆ మూకుడు వాసనకి ఉపవాసం కూడా జాలిపడి పక్కకి తప్పుకుంటుంది.

కొవ్వులో ముక్కలు ఎర్రబడుతుంటే వాసన గోడ దాటింది. ముక్కులు ముందు లేచాయి, తర్వాత మనుషులు లేచారు. ముగ్గురూ గేటు దగ్గరికొచ్చి చూస్తే గేటు లోపలినించి గడియ వేసుంది. అవతల ముక్కాలిపీట మీద పరస్కీవా, చేతిలో అట్లకాడ.

"తియ్యమ్మా, చలేస్తోంది" అన్నాడు లివియు.

"జాలిగలవాళ్ళు లోపలుండకూడదని చెప్పాడుగా ఇలారియే. నీ జాలి పోయిందా?"

"ఏంటమ్మా ఈ వేళాకోళం! అక్కడ చల్లారిపోతుంది."

"పోయిందా లేదా, అది చెప్పు."

లివియు వీధి అటూ ఇటూ చూశాడు. పక్కింటివాళ్ళు గోడల మీదకొచ్చి నిలబడి ఉన్నారు. మా ఊళ్ళో పంది వాసనకి కిటికీ మూసుకునేవాడు లేడు కదా. "పోయింది" అని గొణిగాడు.

"వినపళ్ళేదు. చెవుడు నాకు."

"పోయిందమ్మా, పోయింది!"

"రా. నీ జాలి మాటేంటమ్మాయ్?"

ఒతీలియాకి ఉక్రోషమొచ్చింది. "నా మనసు మీకేం తెలుసత్తయ్యా? అంత తొందరగా పోతుందా? పోయింది గానీ, ఇంకా కొంచెం ఉంది."

"అయితే ఇంకా కొంచెంసేపు బయటే ఉండు."

"పోయింది! పోయింది!"

సెవేర్‌ని అడగనే అక్కర్లేకపోయింది. "నాది ఎప్పుడో పోయింది పెద్దమ్మా" అంటూ ఆవిణ్ణి దాటుకుని మూకుడు దగ్గరికి నడిచాడు.

చూశారా, ఎంత నాజూకైన జాలో! కత్తి కనిపిస్తే పుడుతుంది, గరిటె కనిపిస్తే కన్నుమూస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో పోషించగల ప్రాణి ఇంకోటి లేదు.

అందరూ కూర్చున్నారు. మొక్కజొన్న ముద్ద ఆవిర్లు కక్కుతోంది, ఊరేసిన క్యాబేజీ ఉంది, మూకుడు మధ్యలో ఉంది. ఇలారియే, నిస్తోర్ గబగబా నాలుగు ముక్కలు తింటున్నారు, వాళ్ళు ఇంకా వేరే ఇళ్ళకి పోవాలి. స్మరాందా చివర కూర్చుని మొక్కజొన్న ముద్ద మీద క్యాబేజీ వేసుకుంది. చేతికి గుడ్డ కట్టుకుని ఉంది.

సెవేర్ ఆ గుడ్డ చూశాడు. విషయం తెలిసింది. ఇక చూడాలి అతని మొహం, వెలిగిపోయింది!

"ఏంటీ, తాడు నువ్వు పట్టావా? పంది చచ్చేదాకా పట్టావా? ఇదేనా మాంసం తిననమ్మ నీతి? దోమకే కాదు బావా, పందికీ దిక్కు లేదు దీని చేతిలో!"

"నాకు నిన్ను చూస్తే భయమేస్తోందే" అంది ఒతీలియా, ముక్క ఊదుకుంటూ. "మేం చూడను కూడా చూడలేకపోయాం. కన్నతల్లిని నేను, ఇంత రాతిగుండె ఎక్కణ్ణించొచ్చిందో నాకర్థం కావట్లేదు."

"నేను కూడా పట్టకపోతే అది వంతెన దాకా పరిగెత్తేదమ్మా" అంది స్మరాందా. "నాన్న మాటిచ్చాడు. మావయ్య వెనక్కాళ్ళు రెండూ తనవే అన్నాడు."

"అదంతా వేరు" అన్నాడు లివియు. మూకుట్లోంచి మంచి ముక్క ఒకటి తీసి కూతురి పళ్ళెంలో, మొక్కజొన్న ముద్ద మీద పెట్టాడు. "పట్టావుగా. ఇంక దాపరికం దేనికి? తిను. తిని, ఇక మాకు నీతులు చెప్పడం మానెయ్."

కొవ్వు ఆమె ముద్దలోకి ఇంకుతోంది. ఆ పిల్ల ఒక్కనాడూ వాళ్ళకి నీతి చెప్పలేదు. అది అందరికీ తెలుసు. అయినా బల్ల దగ్గర అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఒక్క ముక్క! అది ఆ నోట్లో పడితే చాలు, ఇన్నాళ్ళుగా వాళ్ళ పళ్ళేల్లో ఉన్న ముల్లు పోతుంది. అందరూ ఒకటే అయిపోతారు, ఇంక ఏ ఆదివారమూ విచారణ అక్కర్లేదు. స్మరాందాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాను చేసింది తప్పేనేమోనని మొదటిసారి అనిపించింది.

పరస్కీవా అట్లకాడ బల్ల మీద కొట్టింది. "పిల్లా, నిన్నడగడం మర్చిపోయాను. నీ జాలి పోయిందా?"

స్మరాందా ఆ ముక్కని చూసింది. "లేదు నానమ్మా."

"పోతుందా కాసేపటికి?"

"పోదు."

"అయితే ఆచారం ఆచారమే. లే, బయటికి నడు."

సెవేర్ బల్ల చరిచి నవ్వాడు. "అద్దీ! బాగా చెప్పావు పెద్దమ్మా!"

స్మరాందా పళ్ళెం వదిలేసి లేచింది. ముసలావిడ కూడా లేచింది. కొత్త పళ్ళెంలో వేడి వేడి మొక్కజొన్న ముద్ద, క్యాబేజీ పెట్టి మనవరాలి చేతికిచ్చింది. తనకి ఒక ముక్క రొట్టెలో పెట్టుకుంది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నాడు లివియు.

"బయటికి. నాదీ పోలేదురా. ఏ ఏడూ పోదు. దాంతోనే తింటాను నేను." నడుముకున్న గుడ్డ విప్పి కొడుకు ఒళ్ళో పడేసింది. "మీకు పోయిందన్నారుగా, ఊరంతా విన్నారు. ఇంకేం అడ్డు? పేగులు తొట్లో ఉన్నాయి, చల్లారకముందే తిరగేసి కడగండి. లోపల బాగా గీకాలి, లేకపోతే వాటిలో మాంసం కూరి చేసే సాసేజ్ కంపు కొడుతుంది. కోడలా, తలకాయ నీది. కళ్ళు తీసెయ్యాలి, దవడ విరగ్గొట్టాలి. సెవేరూ, నీకు కండలున్నాయిగా, ఆ పక్కటెముకలు గొడ్డలితో కొట్టు. వచ్చే ఏడు వెనక్కాళ్ళ తాడు కూడా మీదే. జాలి లేనివాళ్ళు ఇంతమంది ఉండగా నేనెందుకు జారిపడాలి?"

ఒతీలియా తొట్టి వైపు చూసింది. తొట్టిలోంచి ఆవిరి లేస్తోంది. పక్కన గడ్డి మీద బొంబోన్ తల, చెవులు నిక్కబొడుచుకుని, ఆమె వైపే చూస్తోంది. టోపీ మాత్రం లేదు.

"అమ్మా!" లివియు గావుకేక పెట్టాడు. "అమ్మా, ఆగు! నాకు మళ్ళీ జాలేస్తోంది!"

"నాకూ!" అంది ఒతీలియా.

ఇలారియే మూతి తుడుచుకుని లేచాడు. "ఆలస్యమైంది లివియూ. గేటు దగ్గర అందరి ముందూ పోయిందన్నావు" అని కత్తి సంచీలో వేసుకుని నిస్తోర్‌తో ఇంకో ఇంటికి సాగిపోయాడు.

గేటు బయట ప్రతి ఇంటికీ ఉన్నట్టే వాళ్ళకీ ఓ చెక్క బెంచీ ఉంది. నానమ్మా మనవరాలూ దాని మీద కూర్చున్నారు. ఒకావిడ మాంసం తింటోంది, ఒకమ్మాయి తినట్లేదు. ఒకరు తినేదాంట్లోకి ఒకరు తొంగి చూసుకోలేదు. పరస్కీవా "చెయ్యి మండుతోందా?" అని అడిగింది. "మండుతోంది" అంది స్మరాందా.

కాబట్టి పాఠక మహాశయులారా, నా మాట వినండి. జాలిని వదులుకోకండి. కత్తి దగ్గర పుట్టి, మూకుడు దగ్గర చచ్చి, పేగుల తొట్టి దగ్గర మళ్ళీ లేచి కూర్చునే ప్రాణి అదొక్కటే. చచ్చి మళ్ళీ లేవడం గురించి మా ఫాదరు గారు ప్రతి ఈస్టరుకీ చెప్తుంటే నమ్మబుద్ధయ్యేది కాదు. లివియు వాకిట్లో కళ్ళారా చూశాను, అదీ ఒకే పూటలో.

బొంబోన్ మాత్రం లేవలేదు.